గుమ్మడికాయ పథ్యం

లూనోయ్ కొండ,
జూలై 6, 2009

అమ్మాయి డేలిండాకు,

మీ పెద్దమ్మ కొన్సోర్సియా ఎవరి చేతా రాయించుకోకుండా తానే కూర్చుని రాసుకున్న ఉత్తరం ఇది. ఇక్కడ అందరం బాగున్నాం. బాగా లేనిది వంకాయ తోట ఒక్కటే, దానికి పురుగు పట్టింది. జీప్‌నీ బండి నడిపే క్రిస్పులో చేతికి ఎండు చేపల పొట్లం ఇచ్చాను. అందులో పన్నెండు చేపలున్నాయి. పదే అందితే మిగతా రెండూ ఏమయ్యాయని నన్ను అడగకు, వాడి మూతి వాసన చూడు.

ఈ మధ్య ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాను. ఒళ్ళంతా నలుపు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ. అందుకని బిషప్పు అని పేరు పెట్టాను. మన పాద్రీగారికి నచ్చలేదు. రేపు నిజమైన బిషప్పుగారు ఊళ్ళోకి వస్తే ఏం చేస్తావని అడిగారు. ఆయన ఈ కొండెక్కి ముప్ఫై ఏళ్ళయింది, వచ్చినప్పుడు కుక్క పేరు మారుద్దాంలెండి అన్నాను.

అసలు సంగతి అంటూ ఏమీ లేదు. ఊరికే ఒక మాట అడుగుతున్నాను. మా పక్కింట్లో ఒకావిడను చిన్న కుక్కపిల్ల కరిచింది. పేరెందుకులే. శనివారం నాడు, కుడిచేతి బొటనవేలి మొదట్లో రెండు పళ్ళు దిగాయి. వెంటనే వెల్లుల్లి దంచి రుద్దాను, పులిసిన కల్లు పోశాను, విషం లాగడానికి కొమ్ము ముక్క పెట్టాను. కొమ్ము గాయాన్ని పట్టుకుని పావుగంట దాకా వదల్లేదు. తర్వాత తనంతట తానే రాలిపడింది. అంటే ఉన్న విషమంతా లాగేసినట్టే కదా. నలభై రోజులు గుమ్మడికాయ ముట్టొద్దని పథ్యం కూడా చెప్పాను. అయినా పాలపళ్ళ పిల్లకు విషమేముంటుంది? మీ సూదుల వాళ్ళు ఏమంటారో సరదాగా తెలుసుకుందామని అడుగుతున్నాను.

నలభై మూడేళ్ళుగా మా అమ్మ ఇచ్చిన ఈ దుప్పి కొమ్ము పెడుతున్నాను. నా చేతి కింద ఒక్కరూ పోలేదు. ఆగస్టులో మన ఊరి పునీతుడు శాన్ రోకె పండగనాడు నేను కొమ్ము పట్టుకుని ముందు నడుస్తుంటే, కుక్కకాటు తిని బతికిన వాళ్ళంతా కొవ్వొత్తులతో నా వెనక నడుస్తారు. ఆ వరస ఏటేటా పొడుగవుతోంది. వాళ్ళు తెచ్చిచ్చిన గుడ్లూ కోళ్ళతోనే తల్లి లేని నిన్ను నర్సు చదివించానని నీకు వేరే చెప్పక్కర్లేదు.

జవాబుకు తొందరేమీ లేదు. రేపు రాస్తే చాలు.

మీ పెద్దమ్మ

*

శాన్ హోసె పట్నం,
జూలై 7

పెద్దమ్మకు,

చేపలు తొమ్మిదే అందాయి. క్రిస్పులోకు ఈసారి ఆకలి ఎక్కువైనట్టుంది.

మీ పక్కింటావిడకు ఈ మాటలు చదివి వినిపించు. కుక్క కాటులో ఉండేది విషం కాదు, కంటికి కనపడని క్రిమి. అది నరాల వెంట మెల్లగా పాకి మెదడుకు చేరుతుంది. చేరేలోపు సూదులు వేయించుకుంటే ప్రాణం దక్కుతుంది. చేరాక ఏ దేశం డాక్టరూ ఏమీ చేయలేడు. కాటు పడగానే సబ్బుతో, ధారగా పోసే నీళ్ళ కింద పావుగంట కడగాలి. వెల్లుల్లి వద్దు, కల్లు వద్దు. ఆ పావుగంట కొమ్ముకిచ్చావు, నీళ్ళకివ్వాల్సింది. కాల్చిన కొమ్ము తడిని పీలుస్తుంది, అందుకే అంటుకుంటుంది. తడి ఆరితే రాలిపోతుంది. దానికి తెలిసిన విద్య అంతే. పాలపళ్ళయినా ముసలిపళ్ళయినా క్రిమికి తేడా లేదు. పిల్లను కట్టేసి పద్నాలుగు రోజులు కనిపెట్టి చూడాలి. చూస్తూ కూర్చోవడం కాదు, ఆవిడ ఈలోపే మా క్లినిక్కుకు రావాలి.

ఇప్పుడు నాదొక చిన్న అనుమానం. పక్కింటావిడ చేతికి గాయమైతే నీ అక్షరాలెందుకు తాగినవాడిలా తూలుతున్నాయి? మన ప్రార్థన మందిరం గోడల మీద నువ్వు రాసిన జపమాల ప్రార్థనలు ఇప్పటికీ చెక్కినట్టుంటాయి. పైగా ఈ కాగితం కుడివైపు అంచంతా వెల్లుల్లి కంపు కొడుతోంది. మా మేట్రన్ ముక్కు మూసుకుని, మీ ఇంట్లోవాళ్ళు ఉత్తరాన్ని తాలింపు పెట్టి పంపారా అని అడిగింది.

డేలిండా

తా.క. క్రిస్పులో అన్నా, చదవడం అయ్యాక కవరు సరిగ్గా అతికించు. పోయినసారి అన్నం మెతుకు ఎండిపోయి ఊడొచ్చింది.

*

లూనోయ్,
జూలై 8

డేలిండా,

పెంచి పెద్దచేసినందుకు బాగానే పరువు తీస్తున్నావు. నా అక్షరాలు తూలితే తూలాయి, అరవై ఎనిమిదేళ్ళ దాన్ని. వెల్లుల్లి నా వృత్తి, నా చేతులు వెల్లుల్లి కాక మల్లెపూల వాసన వేస్తాయా? పక్కింటావిడంటే పక్కింటావిడే. మళ్ళీ ఆ ఊసెత్తకు. క్రిస్పులోను తిట్టినందుకు వాడు ఇవాళ నన్ను జీప్‌నీ ముందు సీట్లో కూర్చోనివ్వలేదు. నేనేం చదవలేదక్కా, ఆ పిల్లకు నా మీద అనుమానమెందుకు అని నన్నే అడిగాడు. చదవకపోతే అనుమానం సంగతి వాడికెలా తెలిసింది?

పెద్దమ్మ

*

శాన్ హోసె,
జూలై 9

పెద్దమ్మా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ జవాబు. నేను ఒక్క మాటంటే నువ్వు పది మాటలన్నావు.

కరిచింది నిన్నే. కరిచింది బిషప్పే. వినకుండా ఉండటానికి నీకున్న కారణమేమిటో కూడా నాకు తెలుసు. కొమ్ము పెట్టేవాళ్ళ జోలికి కుక్క రాదని, ఎదురుపడితే తల వంచి పక్కకు తప్పుకుంటుందని మన కొండ మీద అందరి నమ్మకం. చిన్నప్పుడు నేనూ నీ కొంగు పట్టుకుని అందుకే ధైర్యంగా నడిచేదాన్ని. ఇప్పుడు నీ ఇంటి కుక్కే నిన్ను కరిచిందంటే కొమ్ములో మహిమ పోయిందంటారు. పండగనాడు నీ వెనక ఎవరూ నడవరని నీ భయం.

నాకు వేరే భయముంది. నాకు తల్లివైనా తండ్రివైనా నువ్వే. నిన్ను పోగొట్టుకోవడం నాకు చేతకాదు. ఇక్కడ సూదులు వేసే నర్సులం మేం ఇద్దరమే. రెండో అమ్మాయి పురిటికి వెళ్ళింది, లేకపోతే ఈపాటికి నీ గుమ్మంలో ఉండేదాన్ని. రేపే రా. మంగళవారం లోపల రాకపోతే సెలవు పెట్టి నేనే వచ్చి, ప్రార్థన మందిరం మైకులో చెబుతాను. కుక్క ఎలా ఉందో రాయి. చస్తే పాతిపెట్టొద్దు. చేతులకు రెండేసి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, మూటగట్టి ఐసులో పెట్టి తీసుకురా. తల పరీక్షకు పంపాలి.

డేలీ

*

లూనోయ్,
జూలై 11

డేలీ,

బిషప్పు నిన్న సాయంత్రం పోయాడు.

మూడు రోజులుగా పొయ్యి కింద చీకట్లో దూరి బయటికి రాలేదు. అన్నం పెడితే వాసన కూడా చూడలేదు. తలుపు చప్పుడైతే గాలిని కొరికేవాడు. నువ్వు చెప్పినట్టే మూటగట్టి క్రిస్పులో చేపల ఐసు పెట్టెలో పెట్టాను.

నిన్న నేను బయల్దేరకపోలేదు. పొద్దున్నే జీప్‌నీలో కూర్చున్నాను. ఇంతలో కపితాన్ వెన్సెస్లావో ఎక్కడికక్కా అనుకుంటూ ఎక్కబోయాడు. ఊరి పెద్ద అడిగితే ఏం చెప్పను? ఎక్కడికీ కాదు, సీటు మెత్తగా ఉందో లేదో చూస్తున్నానని చెప్పి దిగిపోయాను. అతనూ ఎందుకో ఎక్కకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడొక మాట రాస్తాను. క్రిస్పులో చదివినా సరే. నా చేతి కింద ఒక్కరూ పోలేదని అబద్ధం రాశాను. పదకొండేళ్ళ కిందట పక్కింటి తియోదోరా మొగుడు ఆన్సెల్మో పోయాడు. నువ్వప్పుడు పట్నంలో చదువుకుంటున్నావు. పిక్క మీద ఊరకుక్క కరిస్తే కొమ్ము పెట్టి, తగ్గిపోయింది పొమ్మన్నాను. రెండు నెలలు గడిచాక గ్లాసుతో నీళ్ళు తాగలేకపోయాడు. దాహం, దాహం అంటాడు, నీళ్ళు చూస్తే గొంతు బిగుసుకుపోయి వెనక్కి విరుచుకుపడతాడు. విసనకర్ర గాలి తగిలినా వణికిపోయేవాడు. మధ్యమధ్య తెలివొచ్చి నన్ను చూసి, అక్కా, ఇంకోసారి కొమ్ము పెట్టవా అని అడిగాడు. పెట్టాను. ఏం చేయాలో తెలియక పెట్టాను.

పోయాక జనం నా మొహం చూశారు. అప్పుడు నేనొకటి అన్నాను. పథ్యం తప్పాడు, గుమ్మడికాయ తిన్నాడు, అందుకే పోయాడన్నాను. అందరూ నమ్మారు. నేనూ నమ్మడానికి చాలా కష్టపడ్డాను.

ఆ నీళ్ళ గ్లాసు నాకు వారం రోజులుగా కనిపిస్తోంది. సోమవారం వస్తున్నాను. తియోదోరా నల్ల ముసుగు అడిగి తెచ్చుకున్నాను, చనిపోయినవాళ్ళ కోసం చేసే మాస్ ప్రార్థన ఒకటుందని చెప్పాను. క్రిస్పులో నల్ల కళ్ళజోడు ఇచ్చాడు. పేరు పెర్ఫెక్తా అని చెబుతాను. నన్ను గుర్తుపట్టావో, నీ చెవి మెలేస్తాను.

పెద్దమ్మ

*

లూనోయ్,
జూలై 14

నమ్మకద్రోహి డేలిండాకు,

నిన్న నీ ముందు నోరు తెరిస్తే తిట్లే వచ్చేలా ఉన్నాయని మాట్లాడకుండా వచ్చేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

జీప్‌నీలో ఒకావిడ ఐసు పెట్టె చూసి ఏం చేపలు, ఎలా ఇస్తావని శాన్ హోసె దాకా బేరమాడింది. ఇవి బిషప్పుగారి కోసం పట్టుకెళ్తున్నవి, అమ్మను అన్నాను. వెంటనే సిలువ గుర్తు వేసుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

ఎవరి కంటా పడకుండా వెనక తలుపు నుంచే వచ్చాను. వచ్చి ముసుగు లాక్కుని బల్ల మీద కూర్చున్నాను. నా పక్కన ఒకాయన నెత్తిమీద తువ్వాలు కప్పుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తువ్వాలు ఎక్కడో చూసినట్టనిపించింది. అంచున మన ఊరి బాస్కెట్‌బాల్ జట్టు పేరు కుట్టి ఉంది. కిందకు చూస్తే కపితాన్ వెన్సెస్లావో చెప్పులు. పోయిన మంగళవారమే అతని మోకాలికి కొమ్ము పెట్టాను. పందుల దాణా కొనడానికి వచ్చానక్కా అన్నాడు. దాణా లోపల ఇస్తున్నారా అని అడిగాను. చనిపోయినవాళ్ళ మాస్ ఇక్కడ జరుగుతోందా అని అతను అడిగాడు.

తలెత్తి చూస్తే ఎదుటి బల్ల మీద చాకలి పని చేసే గ్లోరియోసా, మొహానికి విసనకర్ర అడ్డం. కిటికీ దగ్గర స్కూలు టీచరమ్మ పత్రిక తలకిందులుగా పట్టుకుని చదువుతోంది. ఆమె వెనక ఇద్దరు చెరుకు కూలీలు. అందరూ నా చేత కొమ్ము పెట్టించుకున్నవాళ్ళే. మొన్న మొన్న, తగ్గిపోయిందక్కా, చల్లని చెయ్యి నీది అని గుడ్లు తెచ్చిచ్చిన వాళ్ళే. ఇంతలో నువ్వు తలుపు తీసి "పెర్ఫెక్తా" అని పిలిచావు. ఆ గదిలో ఒక్కరు కూడా నవ్వలేదు చూడు, అదే నన్ను చంపింది.

వెళ్ళేటప్పుడు కపితాన్ నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు, "ఏమనుకోకక్కా. కొమ్ము నీ మీద గౌరవం కొద్దీ, సూది పెళ్ళాం పిల్లల కోసం. నీకు తెలిస్తే బాధపడతావని ఊరంతా ఒట్టేసుకున్నాం."

ఊరంతా అన్నాడు. అంటే నా వెనక కొవ్వొత్తులు పట్టుకుని నడిచే వాళ్ళందరి ఒంట్లో నీ సూదులున్నాయి. ఎన్నేళ్ళుగా తెలుసు నీకు? ప్రతి ఉత్తరంలో చేపలు అందాయి, వాన పడింది అని రాశావే కాని, ఈ ఒక్క మాట రాయడానికి సిరా దొరకలేదా?

గాయం చుట్టూ నువ్వు గుచ్చిన ఆ మందు కందిరీగ కుట్టినట్టుంది. చేతికి కోపం తగ్గింది, నాకు తగ్గలేదు.

కొన్సోర్సియా (ఈసారికి పెద్దమ్మ అని రాయను)

*

శాన్ హోసె,
జూలై 17

పెద్దమ్మకు (నువ్వు రాయకపోతే నేను రాస్తాను),

నిన్న రెండో సూదికి వచ్చి గోడకు మాట్లాడినట్టు మాట్లాడావు. నా క్యూలో నలభై మంది ఉన్నారు, బతిమాలడానికి తీరిక దొరకలేదు.

ఆరేళ్ళుగా తెలుసు. క్లినిక్కులో ఎవరొచ్చారో బయట చెప్పకూడదన్నది మా పని ధర్మం, అందుకని చెప్పలేదు. ఇది సగం నిజం. పేర్లు చెప్పకుండానే, కొమ్ము చాలదు పెద్దమ్మా అని ఒక్క మాట రాయగలిగేదాన్ని. నీ కొమ్ము పెట్టిన అన్నం తిని చదువుకున్న నోటితో ఆ మాట అనలేకపోయాను. పిరికితనం. ఆన్సెల్మో సంగతి చదివిన రోజు అదే అనుకున్నాను, నువ్వు గుమ్మడికాయ వెనక దాక్కున్నావు, నేను ధర్మం వెనక దాక్కున్నాను. నీ పెంపకం కదా.

ఇక అసలు విషయం. బిషప్పు తల పరీక్ష ఫలితం ఇందాకే వచ్చింది. రేబిస్ ఉంది. నువ్వు మొదలుపెట్టేశావు కనుక నాకిప్పుడు ఊపిరాడుతోంది. సోమవారం మూడోది, ఆగస్టు పదిన నాలుగోది. ఒక్కటి కూడా మానొద్దు.

ఆ పిల్ల ఇంకెవరినైనా కరిచిందా? గీరినా, పుండు మీద నాకినా సరే, వాళ్ళు రావాలి. ఆలస్యమైనా పరవాలేదు, లక్షణాలు కనపడకముందు వస్తే చాలు. బాగా ఆలోచించి చెప్పు.

డేలీ

*

లూనోయ్,
జూలై 20, సాయంత్రం

డేలీ,

నీ ఉత్తరం నిన్న చేరింది. ఆలోచించడానికేమీ లేదు. మొదటి ఉత్తరంలో నేను రాసిన పక్కింటావిడ పూర్తిగా అబద్ధం కాదు. శనివారం నాడు బిషప్పు నన్ను కరిచాడు. నా అరుపు విని తియోదోరా పరుగెత్తుకొచ్చి వాణ్ణి లాగబోతే, ఆమె మడమ పట్టుకున్నాడు. నా చేతికి ఒక కొమ్ము ముక్క, ఆమె మడమకు ఒక ముక్క పెట్టాను. నాకు వదలకముందే ఆమెకు వదిలింది, నీకు తక్కువ విషమే అని నవ్వించి పంపాను. నేను సోమవారం ఆమె ముసుగే కప్పుకుని వచ్చి సూది వేయించుకున్నాను, ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. ఇది రాస్తుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తోంది.

ఊరంతా పట్నం వెళ్ళినా ఆమె వెళ్ళదు. ఊరంతా వేసుకున్న ఒట్టు సంగతి కూడా ఆమెకు తెలియదు. ఎందుకంటే ఆమె నన్ను నిజంగా నమ్మింది. తన మొగుడు పథ్యం తప్పి పోయాడని నమ్మింది కదా, పథ్యం పాటిస్తే ఏమీ కాదని కూడా నమ్మింది.

నిన్న ఉత్తరం చదివి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. కందులు చెరుగుతోంది. రేపు నాతో పట్నం రావాలి, సూది వేయించుకోవాలి అన్నాను. నవ్వి, నాకెందుకక్కా, గుమ్మడికాయ ముట్టలేదు కదా అంది. అప్పుడిక దారి లేదు. చెప్పేశాను. ఆన్సెల్మో గుమ్మడికాయ తిని పోలేదు, కుక్క కరిచి పోయాడు. కొమ్ముకు ఆ జబ్బు మీద ఏ బలమూ లేదు. పరువు కోసం గుమ్మడికాయ మీదకు నెట్టాను. నేనే సూది వేయించుకుంటున్నాను, ఇదిగో కార్డు అని చూపించాను.

చాట కింద పెట్టింది. తర్వాత నా మొహం చూడకుండా అంది, "వండి పెట్టింది నేను కదక్కా. పిల్లలు లేరు, ఉన్న ఆయనొక్కడికీ కొబ్బరిపాలలో గుమ్మడికాయ ఇష్టమని నేనే వండి పెట్టాను. పదకొండేళ్ళుగా ఆయన్ని నేనే చంపాననుకుంటున్నాను."

డేలీ, ఆమె తాను చేశాననుకున్న తప్పుకు ఎన్ని ఆదివారాలు మోకాళ్ళ మీద కూర్చుందో నేను పక్కనే కూర్చుని చూశాను. ఏమిటంత పాపం నీకు అని వేళాకోళం కూడా చేశాను. ఆమె దొడ్లో గుమ్మడిపాదు ఎందుకు పీకేసిందో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఇవాళ పొద్దున నేను వెళ్ళేసరికి చెప్పులేసుకుని జీప్‌నీలో కూర్చుని ఉంది. నా పక్కన కాదు, చివరి సీట్లో. మిగతాది నీకు తెలుసు, సూది వేసింది నువ్వే.

పెద్దమ్మ

*

శాన్ హోసె,
ఆగస్టు 11

పెద్దమ్మకు,

నిన్నటితో నీ నాలుగూ అయ్యాయి. కార్డు పారేయకు. తియోదోరా అత్త మూడు వేయించుకుంది, పదిహేడున ఆఖరిది. ప్రతిసారీ నువ్వు ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో వస్తారని క్రిస్పులో చెప్పాడు. ఈ మధ్య నా ఉత్తరాల్లో అతుకు చాలా శుభ్రంగా ఉంటోంది, జిగురు కొన్నాడనుకుంటా.

అత్త నాతో మాట్లాడుతుంది. మూడో సూదినాడు అడిగింది, గుమ్మడికాయ తింటే నిజంగా ఏమీ కాదా అని. ఏమీ కాదత్తా, కళ్ళకు మంచిది అన్నాను. ఆ మాట ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. కార్డు వెనక రాసిమ్మంది. రాసి, క్లినిక్కు ముద్ర కూడా వేసిచ్చాను.

పండగకు కుక్కలకు టీకాలు వేసే జట్టు మన కొండకు వస్తానంది. శాన్ రోకె విగ్రహం పక్కన ఎప్పుడూ కుక్క ఉంటుంది కదా, ఆయన పండగనాడైతే జనం కాదనరని నేనే చెప్పాను. కాని ఊరివాళ్ళు కుక్కల్ని తేవాలంటే ఒకరు ముందు చెప్పాలి. ఎవరో నువ్వే ఊహించుకో. నిన్ను బలవంతపెట్టను. ఇదివరకు పెట్టినంత చాలు.

డేలీ

*

లూనోయ్,
ఆగస్టు 18

నా బంగారుతల్లి డేలీకి,

పండగ అయింది. ఒక్కొక్కటే చెబుతాను, మధ్యలో అడ్డం రాకు.

ఊరేగింపు ముందు ప్రార్థన మందిరం మెట్లెక్కి మైకు పట్టుకున్నాను. నువ్వు ఎక్కుతానన్న మెట్లే. కొమ్ము పైకెత్తి చూపించాను. దానికి ఈసారి పూలు కట్టలేదు, బట్టలుతికే సబ్బుబిళ్ళ కట్టాను. నన్ను కుక్క కరిచిందని చెప్పాను. కొమ్ము నన్ను కాపాడలేదని, సూదులు కాపాడాయని చెప్పాను. ఆన్సెల్మో ఎందుకు పోయాడో చెప్పాను, గుమ్మడికాయ సంగతి చెప్పాను. ఇకనుంచి కాటు పడ్డవాళ్ళు నా గుమ్మానికొస్తే పావుగంట సబ్బుతో కడిగిస్తాను, తర్వాత క్రిస్పులో జీప్‌నీ ఎక్కిస్తాను, గుడ్లు వాడికివ్వండి అన్నాను.

జనం నోరు తెరుచుకుని చూశారు. వెనక నుంచి కపితాన్, హమ్మయ్య, ఇక ఆ తువ్వాలు ఉతుక్కోవచ్చు అన్నాడు. అప్పుడు మొదలైన నవ్వు ఊరేగింపు సగం దాకా ఆగలేదు. పాద్రీగారు రెండుసార్లు దగ్గారు.

నా వెనక ఎవరూ నడవరనుకున్నాను. నడిచారు. వరస కొంచెం పొట్టిదైంది, అబద్ధం చెప్పను. ముసలివాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు. వాళ్ళను తిట్టలేదు, వాళ్ళకు నేర్పింది నేనే.

కుక్కలు నూట ఆరు వచ్చాయి. మొదటగా వచ్చినవి క్రిస్పులో కుక్కలు మూడు. ఇంత ముందుగా ఎలా వచ్చావురా అని అడిగితే, మీ ఉత్తరాలు చదివాక నాకు నిద్ర పట్టలేదక్కా అని పదిమందిలో ఒప్పేసుకున్నాడు. టీకా వేసిన ప్రతి కుక్క మెడకూ ఎర్ర దారం కట్టారు. పొద్దున చూస్తే శాన్ రోకె విగ్రహం కాళ్ళ దగ్గరున్న సున్నపు కుక్క మెడకు కూడా ఎవరో ఎర్ర దారం కట్టేశారు. పాద్రీగారు తీయమనలేదు.

తియోదోరా ఊరేగింపులో లేదు. నిన్న ఆఖరి సూదికి జీప్‌నీలో మళ్ళీ వెనక సీట్లోనే కూర్చుంది. దిగేటప్పుడు ముసుగు తిరిగిచ్చాను. తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నా తలుపు చప్పుడైంది. తీసేసరికి ఎవరూ లేరు. గడప మీద మూతపెట్టిన గిన్నె ఒకటి ఉంది. మూత తీశాను. కొబ్బరిపాలలో వండిన గుమ్మడికాయ, పైన ఎండు రొయ్యలు. వేడిగా ఉంది. వాళ్ళ కిటికీ వైపు చూశాను. దీపం వెనక ఆమె కూడా ఒక గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది, ఇంకా తినడం మొదలుపెట్టలేదు. నన్నే చూస్తోంది.

నేను గడప మీదే కూర్చుని మొదటి ముద్ద తిన్నాను. అప్పుడు ఆమె తింది.

ఉప్పు ఎక్కువైంది. నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మీ పెద్దమ్మ